గోడవైపు తిప్పిన కుర్చీ

నా పేరు పుష్పరాణి. వయసు ఇరవై నాలుగేళ్ళు. పుట్టిన ఊరు విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర. ఏడో తరగతి వరకు చదివాను. పెళ్ళయి కలకత్తా వచ్చాను. మా ఇళ్ళలో భర్త పేరు నోటితో పలకం కాబట్టి కాగితం మీద రాసి చూపించాను. నా మాటలు రాసుకుంటున్న కమిషనర్ గారు చూసి సంజయ్ అని రాసుకున్నారు. నా భర్త హౌరాలో కాంట్రాక్టరు కింద డ్రైనేజీ పని చేస్తారు. షాలిమార్ గూడ్స్ యార్డు వెనక, రోడ్లు తుడిచేవాళ్ళు ఉండే ఇళ్ళ లైన్లలో ఒక గదిలో ఉంటున్నాం. నేను సాల్ట్ లేక్‌లో పొట్నూరు శ్యామసుందర్ గారి ఇంట్లో వంట చేస్తాను.

ఈ వాంగ్మూలం 2025 నవంబరు 18, మంగళవారం, ఉదయం పదకొండు గంటలకు అదే ఇంటి ముందు గదిలో, కోర్టు పంపిన అడ్వకేట్ కమిషనర్ అరుంధతి గారి ఎదుట ఇస్తున్నాను. ఆమె తెలుగావిడ. నేను చెబుతుంటే తెలుగులోనే రాసుకుంటున్నారు. గదిలో అర్జీ పెట్టిన రఘురాం గారు, ఆయన భార్య సాహిత్య గారు ఉన్నారు. శ్యామసుందర్ గారు లేరు. తన గురించి సాక్షి చెబుతున్నప్పుడు తాను అక్కడ ఉండకూడదని ఆయనే లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

శ్యామసుందర్ గారికి తొంభై ఒకటి. పూర్వం ప్లీడరు, తర్వాత మునసబు, అంటే కింది కోర్టు జడ్జి, ఆ తర్వాత ఒరిస్సా శాసనసభ సభ్యుడు. నేను తాతగారు అంటాను. రఘురాం గారు ఆయన తమ్ముడి కొడుకు, బ్యాంకులో ఆఫీసరు, పై అంతస్తులో ఉంటారు. పెద్దనాన్నకు మతి స్థిమితం లేదని, తనను సంరక్షకుడిగా నియమించాలని, ఆయన్ని తలుపులకు తాళం వేసి ఉంచే ఒక ఆశ్రమంలో చేర్చడానికి అనుమతించాలని రఘురాం గారు కోర్టును అడిగారు. తాతగారు రోజూ కుర్చీ గోడవైపు తిప్పుకుని గోడతో మాట్లాడతారని ఆ అర్జీలో ఉంది. ఇంట్లో వంట చేసే మనిషి కూడా ఇది ఒప్పుకుందని ఉంది. ఆ మనిషి నేనే. నేను ఒప్పుకోలేదు. ఆయన గోడతో మాట్లాడరు. నాతో మాట్లాడతారు. అది ఎలాగో మొదటినుంచి చెబుతాను.

నాకంటే ముందు ఇక్కడ నా భర్త మేనత్త అప్పలకొండమ్మ వంట చేసేది. మోకాళ్ళు పట్టేసి బస్సు ఎక్కలేకపోవడంతో 2022 ఆగస్టులో నన్ను తీసుకొచ్చి నిలబెట్టింది. ఇది మాటాడదు బాబూ, మూగది కాదు, సిగ్గు, కూర మాత్రం బాగా వొండుద్ది అని చెప్పింది. తాతగారు నవ్వి, "మంచిదేనే అప్పలకొండా. మాటలు వినీ వినీ నా సెవులు అరిగిపోనాయి. కూరొకటి బాగుంటే సాలు" అన్నారు.

మా ఇళ్ళలో కోడలు పెద్ద మగవాళ్ళ ఎదుట నిలబడి మాట్లాడదు. మామగారికి ఏదైనా చెప్పాలంటే తలుపు చాటున నిలబడి, అక్కడున్న పిల్లకో, పిల్ల లేకపోతే దూలానికో చెప్పినట్టు చెబుతుంది. నేను ఆ అలవాటుతోనే ఇక్కడికి వచ్చాను. ఈ ఇంట్లో వంటగదికి, తాతగారు కూర్చునే గదికి మధ్య ఒక పరదా ఉంది. నేను దాని వెనకే ఉండేదాన్ని. అన్నం తయారైతే గరిటతో గిన్నె మీద కొట్టేదాన్ని. ఆయన వచ్చి తినేవారు. ఉప్పు తక్కువైతే ఆయన చెంచాతో పళ్ళెం మీద కొట్టేవారు. చాలా నెలలు మా మధ్య మాటలు అంతే.

2023 జూన్ 9, శుక్రవారం, ఉదయం ఆరున్నరకు సూపర్‌వైజర్ మా గది తలుపు కొట్టాడు. నా భర్తను పేరు పెట్టి పిలిచి, పెద్ద లైను మూసుకుపోయింది, లే, తొందరగా రా అని హిందీలో అన్నాడు. నా భర్త టీ సగం తాగి వెళ్ళారు. మనిషిని డ్రైన్‌లోకి దింపకూడదని చట్టం ఉందట. నాకు అప్పుడు తెలియదు. పది గంటలకు లోపల గాలి ఆడక పడిపోయారు. తోటివాళ్ళు తాడు కట్టి పైకి లాగారు. ఆసుపత్రిలో రెండు రోజులు తెలివి లేదు. ఆ రోజు అతన్ని పనికి ఎవరూ పిలవలేదని, తాగి తనే అందులో పడ్డాడని కాంట్రాక్టరు పోలీసులకు చెప్పాడు. సూపర్‌వైజర్ వచ్చి పిలవడం చూసింది నేను ఒక్కదాన్నే. పోలీసు ఆఫీసరు ఆసుపత్రి వరండాలో నాకు ఎదురుగా కూర్చుని, మీ ఆయన తాగాడా అని బెంగాలీలో అడిగారు. ఆయన వెనక చాలామంది మగవాళ్ళు నిలబడి నా నోటివైపే చూస్తున్నారు. నా నాలుక పైకి లేవలేదు. భార్యకు ఏమీ తెలియదు అని రాసుకుని వెళ్ళిపోయారు. నా భర్త తాగరు. ఆ మాట అక్కడ అనలేకపోయాను. నా భర్త తాగరు.

ఆదివారం ఉదయం, కొన్నాళ్ళు పనికి రానని చెప్పడానికి ఈ ఇంటికి వచ్చాను. పరదా వెనక నిలబడ్డాను. నోరు పెగల్లేదు. గిన్నె మీద కొడదామంటే వంట కూడా కాలేదు. తాతగారు ఏటమ్మా అన్నారు. మళ్ళీ ఏటమ్మా అన్నారు. తర్వాత కుర్చీ ఈడ్చిన చప్పుడు వినిపించింది. పరదా సందులోంచి చూస్తే, ఆయన ఆ బరువైన చెక్క కుర్చీని తనే తిప్పుకుని, నాకు వీపు పెట్టి, గోడకు ఎదురుగా కూర్చుంటున్నారు.

"నీ మొగం నేను సూడనమ్మా. గోడకి సెప్పు. నేను పక్కనుండి ఇంటాను" అన్నారు.

నేను గోడకు చెప్పాను. సూపర్‌వైజర్ రావడం, టీ సగం మిగలడం, ఆసుపత్రి వరండా, అంతా చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. చివర ఒకే ఒకటి అడిగారు, సూపర్‌వైజర్ చేతిలో ఏముంది అని. టార్చిలైటు ఉంది, పసుపు రంగుది, దానికి తాడు కట్టి ఉంది అన్నాను. తెల్లారిపోయాక టార్చి ఎందుకు అన్నారు. లోపలికి దిగేవాళ్ళ మెడలో వేస్తారు అన్నాను. ఆయన ఊ అన్నారు.

అప్పుడే, గోడవైపు చూస్తూనే, కుర్చీ ఎందుకు తిప్పారో చెప్పారు. ఆయన ప్లీడరుగా మొదట వెళ్ళింది మల్కన్‌గిరి వైపు. అక్కడ అప్పట్లో అడవి కొట్టి, తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులకు ఊళ్ళు కట్టేవారట. ఊళ్ళకు పేర్లు ఉండేవి కావు, నంబర్లే. అక్కడే తర్వాత మునసబు అయ్యారు. కోర్టు డేరాలో నడిచేది. ఒకసారి కాందిశీకులకు సర్కారు ఇచ్చిన దుక్కి ఎద్దు పోయింది. ఒక కోయవాడు దొంగిలించాడని కేసు. అసలు సంగతి చూసింది ఒక కొత్త పెళ్ళికూతురు. బెంగాలీ పిల్ల, నా వయసుదే. బోనులో నిలబెడితే నోరు విప్పలేదు. ప్లీడర్లు గద్దించారు, మామగారు గద్దించారు, అయినా విప్పలేదు. అప్పుడు తాతగారు లేచి కుర్చీ తిప్పుకున్నారు. గుమస్తాను కూడా తిరగమన్నారు. అందరూ తిరిగి కూర్చున్నాక ఆ పిల్ల డేరా గుడ్డతో చెప్పిందట, ఎద్దు పలుపు తెంపుకుని వాగు గండిలోకి దిగిపోయిందని. మనుషుల్ని పంపితే గండిలో ఎద్దు ఎముకలు, మెడకు పలుపు ముక్క దొరికాయి. కోయవాడిని వదిలేశారు.

సాక్షి మొహం చూడకుండా సాక్ష్యం తీసుకున్నారని పై జడ్జికి ఫిర్యాదు వెళ్ళింది. సంజాయిషీ అడిగారు. మొహం చూసినంతసేపు ఆమె ఏమీ చెప్పలేదు, చూడనప్పుడు చెప్పింది వాగులో దొరికింది అని తాతగారు రాసి పంపారట. మళ్ళీ ఏమీ అడగలేదట. ఆ తర్వాత ఆ కోర్టులో కొత్త కోడళ్ళు సాక్ష్యానికి వస్తే కుర్చీ తిప్పడం మామూలైపోయింది.

ఇదంతా చెప్పి, మర్నాడు కర్ర పట్టుకుని, నాతో టాక్సీలో హౌరా వచ్చారు. పోలీసు స్టేషన్లో ఆఫీసరుతో బెంగాలీలో చాలాసేపు మాట్లాడారు. ఆఫీసరు ముందు నవ్వారు. తర్వాత, బెంగాలీవాళ్ళు తాతను పిలిచినట్టు సరే దాదూ అని, లేచి కుర్చీ తిప్పుకున్నారు. తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళను బయటికి పొమ్మన్నారు. నేను ఆయనకు అవతల ఉన్న బీరువాకు చెప్పాను. నా భర్త తాగరు అని ముందు అదే చెప్పాను. పసుపు టార్చి గురించి చెప్పాను. అది ఆ డ్రైన్ అడుగున దొరికింది. కాంట్రాక్టరు మాట నిలవలేదు. నా భర్త వైద్యం వాళ్ళే చేయించారు. పని తిరిగి ఇచ్చారు. ఇప్పుడు ఎవరూ లోపలికి దింపడం లేదు. వర్షాకాలంలో దగ్గు వస్తుంది, అంతే. రోజూ సాయంత్రం ఇంటికి వస్తారు. నేను తలుపు తీస్తాను. ఆ తలుపు తీసినప్పుడల్లా తాతగారిని తలచుకుంటాను.

ఆ తర్వాత అది మా ఇద్దరికీ అలవాటైపోయింది. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆయన కుర్చీ తిప్పుకుంటారు. నేను పరదా వెనక కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ మాట్లాడతాను. చీపురుపల్లి సంగతులు, మా లైన్ల సంగతులు, మెట్రో వచ్చాక ఎంత తొందరగా వస్తున్నానో, అన్నీ చెబుతాను. ఇంత మాట్లాడతానని నా భర్తకు కూడా తెలియదు. తాతగారు తన సంగతులు చెబుతారు. ఒకసారి డేరా కోర్టులోకి ఎలుగుబంటి వచ్చిందట. ప్లీడర్లందరూ తన అనుమతి అడక్కుండానే వాయిదా పుచ్చుకున్నారట. ఇంకోసారి రెండు ఊళ్ళకు నూతి తగువు వస్తే, ఏ ఊరివాళ్ళు ఏ పూట తోడుకోవాలో తీర్పు ఇచ్చారట. తీర్పు చాలా బాగా వచ్చింది, నూతిలోనే నీళ్ళు లేవు అన్నారు. ఆ ఏడాదే ఉద్యోగం వదిలి ఎన్నికల్లో నిలబడ్డారు. ఒక్కసారే గెలిచారు. నూతులు తవ్వించారు. అసెంబ్లీ ఎలా ఉండేదని అడిగాను.

"అక్కడా కుర్చీ తిప్పుదునమ్మా. అవి నేలకి బిగించీసినారు" అన్నారు.

నేను నవ్వాను. ఆయన వీపు కూడా నవ్వడం కనిపించింది.

మా మాటలు నడిచే గదికి ఒక కిటికీ పై అంతస్తు మెట్లవైపు ఉంది. మెట్ల మీదినుంచి చూస్తే తాతగారు, కుర్చీ, గోడ కనిపిస్తాయి. పరదా వెనక నేను కనిపించను. పైగా నా గొంతు చిన్నది. ఈ ఏప్రిల్‌లో సాహిత్య గారు చూశారు. రఘురాం గారు కూడా చాలాసార్లు చూశారు. వాళ్ళకు భయం వేసింది. రఘురాం గారిని నేను తప్పు పట్టడం లేదు. తాతగారికి జ్వరం వచ్చినప్పుడు బ్యాంకు మానేసి పక్కనే కూర్చున్న మనిషి ఆయన. అలా చూస్తే ఎవరికైనా భయం వేస్తుంది.

జూన్‌లో డాక్టరును పిలిపించారు. ఆ సమయంలో నేను బజారులో ఉన్నాను. గోడ దగ్గర ఎవరితో మాట్లాడుతున్నారని డాక్టరు అడిగితే తాతగారు సాక్షితో అన్నారట. ఎవరా సాక్షి అంటే పేరు చెప్పనన్నారట. గదిలో లేని సాక్షి ఉన్నట్టు నమ్ముతున్నారని డాక్టరు రాశారు. జూలైలో రఘురాం గారు మెట్ల దగ్గర, చుట్టాలందరి ముందు, పెద్దనాన్న గోడవైపు తిరిగి మాట్లాడతారా లేదా అని నన్ను అడిగారు. నేను తల వంచుకున్నాను. పెద్దవాళ్ళు అడిగితే మేము తల వంచుతాం. అది మర్యాద. వాళ్ళు దాన్ని ఔననడం అనుకున్నారు.

కోర్టు కాగితం వచ్చాక, అక్టోబరులో, దాంట్లో ఏముందో సాహిత్య గారు నాకు చదివి చెప్పారు. ఆ మధ్యాహ్నం పరదా వెనకనుంచి తాతగారిని అడిగాను, డాక్టరుతో నా పేరు ఎందుకు చెప్పలేదని.

"సాక్షి ఒప్పుకోకండా సాక్షి పేరు బయటెట్టకూడదు. అరవై ఏళ్ళనుండి ఎట్టనేదు. ఇప్పుడు కొత్తగా మొదలెట్టమంటావేటి?" అన్నారు.

మిమ్మల్ని గదిలో పెట్టి తాళం వేస్తారంట అన్నాను. గోడలతో నాకు పరిచయం ఉందిలే అన్నారు. నవ్వించడానికే అన్నారు. నాకు నవ్వు రాలేదు. ఆయన నా సిగ్గు కాపాడటానికి తన మీద పిచ్చివాడన్న మాట పడనిచ్చారు. అందుకే, కోర్టుకు నేనే చెబుతాను అన్నాను. నా అంతట నేనే అన్నాను. ఆయన అడగలేదు. ఇవాళ ఈ గదిలో ఎవరినీ కుర్చీ తిప్పమనలేదు, ఎదురుగానే చెబుతున్నాను.

ఇప్పుడు ఇంకొకటి చెప్పాలి. ఇది ఈ గదిలో ఎవరికీ తెలియదు. తాతగారికి నష్టమైనా చెప్పాలి.

ఈ సెప్టెంబరులో, ఒక సోమవారం, ఎనిమిదిన్నరకు నేను వచ్చేసరికి గేటు తీసి ఉంది. తాతగారు లేరు. కరుణామయి అనే చోట ఆటో స్టాండు దగ్గర దొరికారు. చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకుని, కర్ర పట్టుకుని, నలభై ఆరో నంబరు ఊరికి తీసుకెళ్ళమని ఆటో అబ్బాయితో బెంగాలీలో గట్టిగా వాదిస్తున్నారు. అతను అది బస్సు నంబరు అనుకుని, దాదూ, అటుపక్క నిలబడాలి అని చూపిస్తున్నాడు. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. నన్ను గుర్తుపట్టలేదు. నువ్వు ఏ కేసులో సాక్షివమ్మా అన్నారు. నేను చెయ్యి పట్టుకున్నాను. అంతకుముందు ఎప్పుడూ పట్టుకోలేదు. నీళ్ళ ట్యాంకు దాకా నడిచాక ఆగిపోయారు.

"పుష్పా, ఇందాకల నేను తప్పిపోనానేటి?" అన్నారు.

ఔనండి అన్నాను. ఆ రోజు ఆయన కూర కూడా సరిగ్గా తినలేదు. అలా జరిగింది ఆ ఒక్కసారే. నేను లేనప్పుడు జరిగిందేమో నాకు తెలియదు.

మొన్న ఆదివారం, ఇది చెప్పాలా వద్దా అని ఆయన్నే అడిగాను. ఆయన వెనక్కి తిరిగినంత పని చేసి ఆగారు. "ఆ మాట నన్ను అడక్కూడదమ్మా. నువ్వు సూసింది నీది" అన్నారు. అంతకంటే ఏమీ చెప్పలేదు. నాకు ఎవరూ ఏమీ నేర్పలేదు.

తాతగారు తన సంగతులు తాను నిర్ణయించుకోగలరా అని కమిషనర్ గారు అడిగారు. నేను అనుకునేది వద్దు, చూసేది చెబుతాను. ఏ పూట ఏ మాత్ర వేసుకోవాలో ఆయనకు తెలుసు. పేపరు పూర్తిగా చదువుతారు. నిన్న చెప్పిన కథ ఎక్కడ ఆపారో ఇవాళ అక్కడినుంచే ఎత్తుకుంటారు. అప్పుడప్పుడు నన్ను ఇంకెవరి పేరుతోనో పిలిచి, కాదమ్మా అని తనే దిద్దుకుంటారు. ఇక్కడే ఉండాలని ఆయన నాతో చాలాసార్లు అన్నారు. నా మాట నమ్మనక్కర్లేదు. ఆయన ఆ తలుపు వెనకే ఉన్నారు. ఎక్కడ ఉంటారో తేల్చే ముందు ఆయన్ని అడగండి. తెలుగులో అడగండి, ఇంగ్లీషులో అడిగితే కోర్టులో ఉన్నట్టు మాట్లాడతారు.

రఘురాం గారు ఒక ప్రశ్న అడగడానికి కమిషనర్ గారు ఒప్పుకున్నారు. ఆయన కోపంగా అడగలేదు. ఆటో స్టాండు సంగతి విన్నప్పటినుంచి ఆయన మొహం పాలిపోయి ఉంది. "ఈసారి వెళ్ళి, నీకు దొరక్కపోతే? అప్పుడేం చెబుతావు పుష్పా?" అన్నారు.

నేను చెప్పిన జవాబు ఇది. "ఈదిలో తప్పిపోతే ఎతుకుతానండి. నేనొక్కదాన్నే కాదు, మా లైన్లో వోళ్ళందరూ ఎతుకుతారు. పొద్దున్నే ఈ రోడ్లన్నీ తుడిసేది మావోళ్ళేనండి. తాళమేసిన గదిలో తప్పిపోతే ఎవుడు ఎతుకుతాడండి?"

సాహిత్య గారు రఘురాం గారి భుజం మీద చెయ్యి వేశారు. కొంతసేపటికి ఆయన, పెద్దనాన్న ఫోటో ఒకటి మీ వాళ్ళందరి ఫోన్లకు పంపిస్తాను, నంబర్లు ఇస్తావా అని నన్ను అడిగారు. ఇస్తానన్నాను. ఆ మాట కూడా రాయమని కమిషనర్ గారిని అడిగాను. రాశారు.

పైన ఉన్నదంతా అరుంధతి గారు నాకు చదివి వినిపించారు. ఒకచోట తాతగారికి మతిమరుపు లేదు అని ఉంటే, నేను అలా అనలేదని చెప్పి, అప్పుడప్పుడు ఉంది అని మార్పించాను. మిగిలినదంతా నేను చెప్పినట్టే ఉంది. నేను చూడనిది, విననిది ఇందులో కలపలేదు. ఎవరి భయంతోనూ, ఎవరి మెప్పు కోసమూ చెప్పలేదు. ఇది నిజమని ఒప్పుకుని, నా చేత్తో తెలుగులో సంతకం పెడుతున్నాను.

(సంతకం) పుష్పరాణి

నా ఎదుట చెప్పగా నేను రాసి, చదివి వినిపించినది.
(సంతకం) అరుంధతి, అడ్వకేట్ కమిషనర్
సాల్ట్ లేక్, 18-11-2025